నర్సుగా రిటైరయ్యాను, ఆటిజం ఉంది. కెమెరా లేకుండా ఆన్‌లైన్‌లో ప్రార్థన నడపొచ్చా?

ప్రశ్న: గుంటూరులో 32 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. పగటి వార్డు గోల, ట్యూబులైటు జుయ్‌మనడం భరించలేక నైట్ డ్యూటీలే అడిగి వేయించుకునేదాన్ని. అది ఆటిజం అని 59వ ఏట తెలిసింది, ఏం చేస్తాం! చివరి రోజుల్లో ఉన్నవాళ్ల పక్కన మాట్లాడకుండా కూర్చోవడం మాత్రం నాకు బాగా వచ్చు. అలాంటి ఇళ్లవాళ్ల కోసం రాత్రి 9కి అరగంట పెడదామనుకుంటున్నా: కాస్త మౌనం, కాస్త ప్రార్థన. వీడియో అంటేనే టెన్షన్. "ముఖం చూపించకపోతే ఎవరు నమ్ముతారమ్మా" అంటాడు మావాడు.

జవాబు 1: గొంతు చాలండీ. మా నాన్నగారి ఆఖరి వారం ఒక నర్సమ్మ పెదాలకు తడి దూది అద్దుతూ కూర్చునేది. మాస్కులో ఆవిడ ముఖమే చూడలేదు మేము.

జవాబు 2: నేను పాలియేటివ్ కేర్‌లో, అంటే తీవ్రమైన జబ్బులున్నవాళ్ల బాధ తగ్గించే వైద్యసేవలో పనిచేస్తాను. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) తెరిచిన సిసిలీ సాండర్స్ కూడా మొదట నర్సే. బాధంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదు, మనసుది, ఇంటిది, ఆత్మది కూడా అన్నారావిడ. కాకపోతే మిమ్మల్ని మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) మోతాదు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. "మీ డాక్టర్‌ని అడగండి" అని ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు: రాసి గోడకి అంటించాను. ఆదివారం నుంచి మొదలు, కెమెరా లేకుండానే.