సమస్యాపూరణం: “వాడుచుండ నెపుడు వాడకుండు”

నిర్వాహకుడు:
ఈ వారం ఇస్తున్నది ఆటవెలది నాలుగవ పాదం. పూరణ విషయం ఇంకుజెట్ ప్రింటరు కార్ట్రిజ్‌లో సిరా ఎండిపోకుండా కాపాడుకోవడం. “వాడుచుండగా వాడకుండును” అన్నది పైకి అసంబద్ధంగా వినిపిస్తుంది కాని, ఉపయోగించడాన్నీ వడలిపోవడాన్నీ మన భాష ఒకే మాటతో చెబుతుంది కనుక పూరణకు దారి అందులోనే ఉన్నది. గణయతులతో పాటు యంత్రం పనిచేసే తీరు కూడా తప్పకూడదన్నది ఈసారి అదనపు నియమం.

బడిపంతులు:
వారమునకు నొక్క వర్ణపత్రము దీయ
సూదిమొనలనుండి చుక్క జారు;
నాల్గు రంగులుండు నాళికల సిరాయె
వాడుచుండ నెపుడు వాడకుండు.

నిర్వాహకుడు:
పంతులుగారూ, పూరణ చక్కగా ఉన్నది. నాలుగు రంగులనూ ప్రస్తావించడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఏడాదంతా నల్లని అక్షరాలే అచ్చువేసి, ఒకనాడు పిల్లవాడి ప్రాజెక్టుకు బొమ్మ కావలసివచ్చినప్పుడు ఎరుపు రావడం లేదని వాపోయేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. అయితే “చుక్క జారు” అన్న మాటతో నాకు పేచీ ఉన్నది. చుక్క తనంతట తాను జారితే అది కారిపోవడం అవుతుంది. హెచ్‌పీ 1984లో తెచ్చిన థింక్‌జెట్ ప్రింటరు నాటి నుంచి ఉన్న పద్ధతిలో, సిరా వచ్చే రంధ్రం వెనుక ఉన్న చిన్న రెసిస్టరు క్షణంలో వేడెక్కి సిరాలో బుడగను పుట్టిస్తుంది, ఆ బుడగ చుక్కను బయటకు నెడుతుంది. ఎప్సన్ వారి పద్ధతిలో వేడి ఉండదు, విద్యుత్తు తగలగానే వంగే స్ఫటికం ఆ పని చేస్తుంది. ఎలా చూసినా చుక్కను తోసేది యంత్రమే కనుక “చుక్క దుముకు” అనండి, గణమూ యతీ చెడవు.

బడిపంతులు:
ధన్యవాదాలు, సవరించుకొన్నాను. ఇన్నాళ్లూ డబ్బాలోని సిరాయే ఎండుతుందని అనుకొన్నాను.

నిర్వాహకుడు:
డబ్బాలోని సిరా అంత తొందరగా ఎండదు. అందులో ఎక్కువ భాగం నీరే అయినా, ఆ నీరు ఆవిరి కాకుండా పట్టి ఉంచడానికి గ్లిసరిన్ వంటివి కలుపుతారు. ఎండేది రంధ్రం అంచున గాలికి తెరుచుకొని ఉన్న పొర. వెంట్రుక మందంలో సగం కూడా లేని ఆ రంధ్రానికి ఆ పొరే బిరడా అవుతుంది.

జిరాక్సు కొట్టు:
గోడమీట నార్ప గూటికి చేరదు
తలకు మూత లేక తడియు నారు;
యంత్రమీట నొక్కి యార్పినచో సిరా
వాడుచుండ నెపుడు వాడకుండు.
గురువుగారూ, ఇది నా సొంత అనుభవం. మే నెలలో ఒక సాయంత్రం పని మధ్యలోనే గోడ స్విచ్ ఆపేసి పెళ్లికి వెళ్లాను. నాలుగు రోజుల తరువాత వచ్చి చూస్తే, సిరా చిమ్మే రంధ్రాలున్న తల మధ్యలో ఆగి ఉన్నది. రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూపే పరీక్ష కాగితం తీసినప్పుడు మెట్లమెట్లుగా రావలసిన సన్నని గీతలలో నీలం సగానికి సగం మాయమయింది.

నిర్వాహకుడు:
ఈ పూరణలో ప్రాణమున్నది. ప్రింటరును దాని సొంత మీటతో ఆపినప్పుడు తల పక్కకు జరిగి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ఆ మూత లోపల ఉండే తడి వల్ల రంధ్రాలు ఎండవు. “గూడు” అన్న మాట దానికి అతికినట్టు సరిపోయింది. మాట వరుసలో మాత్రం “యంత్రమీట” సంస్కృత పదానికి తెలుగు పదం అతికిన వైరిసమాసం. మూడవ పాదాన్ని “యంత్రమునకు నున్న యా మీట నార్పిన” అని మార్చితే దోషం పోతుంది.

కొత్త సభ్యుడు:
పొడియె యైన నేమి, పోసిన నీరేమి
యంత్రమెల్ల నొకటె యండ్రు బుధులు;
మూడు నెలల కైన ముద్రించి చూచిన
వాడుచుండ నెపుడు వాడకుండు.

నిర్వాహకుడు:
ఒక్క గణం కాని, ఒక్క యతి కాని తప్పలేదు. విషయం మాత్రం రెండు చోట్ల తప్పింది. లేజరు ప్రింటరులోని టోనరు పుట్టుకతోనే పొడి, ఎండిపోవడానికి అందులో నీరే లేదు. ఇంకుజెట్టుకు మూడు నెలల విరామం చాలా ఎక్కువ, మన ఎండాకాలంలో ఫ్యాను కింద ఉన్నదానికైతే మరీ ఎక్కువ. ఆ బుధులెవరో కూడా మీరు చెప్పలేదు. దోషం ఉన్నా ఇంతవరకు జిరాక్సు కొట్టువారి పద్యానికే నా ఓటు.

ఇల్లాలు:
తోడుకొనిన చెలమ తోడనే యూరును,
వదలిపెట్ట నిసుక వచ్చి పూడు;
అట్లె ముద్రణంపు యంత్రమునన్ సిరా
వాడుచుండ నెపుడు వాడకుండు.

నిర్వాహకుడు:
అమ్మా, ఈ వారం ఉత్తమ పూరణ మీదే. ఏటి ఇసుకలో చెలమ తీసి, నీరు తేరేదాకా బిందె పక్కన పెట్టుకొని కూర్చున్నవారికే ఈ ఉపమానం తడుతుంది. చెలమలో నీరు ఉండగానే నోరు పూడినట్టు, కార్ట్రిజ్‌లో సిరా ఉండగానే రంధ్రం పూడుతుంది. ఒక్క తేడా మాత్రం ఉన్నది, తోడిన సిరా మళ్లీ ఊరదు, అంగడికి వెళ్లి కొనుక్కోవాలి.

కొత్త సభ్యుడు:
అలాగైతే కాగితం ఖర్చు లేకుండా రోజూ ప్రింటరుకు రంధ్రాలు శుభ్రపరిచే ఆజ్ఞ ఇస్తే అదీ వాడుకే కదా?

జిరాక్సు కొట్టు:
అలా చేయకండి. ఆ ఆజ్ఞ ఇచ్చిన ప్రతిసారీ యంత్రం అన్ని రంగుల సిరానూ పీల్చి అడుగున ఉన్న దూది మెత్తలోకి వదులుతుంది. మెత్త నిండితే యంత్రం పని మానేస్తుంది, మా కొట్టుకు అలాంటివి వస్తూనే ఉంటాయి. వారానికి ఒక రంగు కాగితం తీస్తే దానికంటే తక్కువ సిరాతో పని జరుగుతుంది. గీతలు తెగినప్పుడు మాత్రమే ఆ ఆజ్ఞ ఇవ్వండి, రెండు మూడు సార్లకు కుదరకపోతే కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడండి.

ఇల్లాలు:
మా ఇంట్లోది ఇప్పటికే ఎండిపోయింది. రంధ్రాలు కార్ట్రిజ్ అడుగునే ఉన్నాయి.

జిరాక్సు కొట్టు:
అయితే నయమే అమ్మా, కార్ట్రిజ్ బయటకు తీసి శుభ్రం చేయవచ్చు. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటరుతో తడిపిన నూలు రాలని గుడ్డ మీద, రంధ్రాలు కిందికి ఉండేలా రెండు నిమిషాలు నిలపండి. గుడ్డ మీద నలుపు కాక మిగిలిన మూడు రంగుల మచ్చలూ విడివిడిగా కనబడితే దారి తెరుచుకొన్నట్టే. బోరు నీళ్లు వాడకండి, వాటిలోని ఉప్పు మళ్లీ అడ్డుపడుతుంది. కార్ట్రిజ్ మీద విద్యుత్తు అందుకొనే రాగి రంగు బిళ్లలను చేత్తో తాకకండి.

ఇల్లాలు:
ఎరుపు, నీలం వచ్చాయి. పసుపు ఇంకా రాలేదు, గుడ్డ మార్చి మళ్లీ పెట్టాను.