బ్రూక్లిన్‌కి కొత్త, జోయీ బ్యాడాస్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పోయిన నెలే ఎమ్మెస్‌కి వచ్చాను. రూమ్మేట్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, పొద్దస్తమానం జోయీ బ్యాడాస్ పాటలే. నాకు ర్యాప్ అంటే మన సినిమా పాటల మధ్యలో వచ్చే నాలుగు ముక్కలే. వినడానికి బాగానే ఉంది గానీ ఏదో పాత క్యాసెట్ వేసినట్టుంది. అర్థం కావట్లేదని వాడితో చెప్పాలంటే మొహమాటం. ఎవరైనా దారి చెప్పండి.

జవాబు: తమ్ముడూ, పాత క్యాసెట్ అన్నావు చూడు, భలే పట్టేశావు. నువ్వు విన్నది ‘1999’ అయ్యుంటుంది. 2012 జూన్‌లో ఊరికే నెట్‌లో పెట్టేసిన మిక్స్‌టేప్, అంటే కంపెనీ ఆల్బమ్‌లా కాకుండా ఉచితంగా వదిలిన పాటల కట్ట. అప్పటికి అతనికి 17 ఏళ్లు, బ్రూక్లిన్‌లోనే హైస్కూల్ కుర్రాడు. బీట్లలో, అంటే మాటల వెనక వాయించే సంగీతంలో, కొన్ని ఎమ్‌ఎఫ్ డూమ్, జే డిల్లా అనే పేరున్న హిప్‌హాప్ సంగీతకారులు ఎప్పుడో కట్టినవి. తొంభైల న్యూయార్క్ ర్యాప్‌లో గట్టి డ్రమ్ దెబ్బలతో సాగే ‘బూమ్ బ్యాప్’ బాణీని అచ్చు దింపేశాడు. మన పాటకచేరీల్లో ఘంటసాల గొంతు దింపే పిల్లాణ్ని చూసి పెద్దవాళ్లు మురిసిపోరూ, ఇక్కడి పాత అభిమానులు అలాగే మురిసిపోయారు. ఇంతా చేసి అతను పుట్టిందే 1995లో!

అక్కడే ఆగిపోకు. 2017లో వచ్చిన ‘ఆల్ అమెరికన్ బ్యాడాస్’ విను. ఆ ‘అమెరికన్’ స్పెల్లింగ్‌లో మూడు ‘కె’లు పెట్టాడు, నల్లజాతివాళ్లపై దాడులు చేసిన తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్‌ని గుర్తుచేస్తూ. (ర్యాపర్ ఐస్ క్యూబ్ 1990లోనే వేసిన ఎత్తు, అది వేరే సంగతి.) ముందు పాటలు హాయిగా కూనిరాగం తీసుకునేలా ఉంటాయి, పోనుపోను కటువుగా మారతాయి. ‘టెంప్టేషన్’లో ఒక చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది. 2016లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పోలీసులు ఒక నల్లజాతి వ్యక్తిని కాల్చి చంపిన తర్వాత నగర పాలక సభలో ఏడుస్తూ మాట్లాడిన తొమ్మిదేళ్ల పాప గొంతది. ‘1999’లోలాగా తొంభైల నుంచి అరువు తెచ్చుకున్న జ్ఞాపకం ఆ పాటలో లేదు.

2022లో ‘2000’ వచ్చింది. పేరు చూస్తే మళ్లీ వెనక్కే వెళ్లాడనిపిస్తుంది, కొన్ని పాటల్లో డాబు కూడా ఎక్కువే. కానీ అందులోని ‘సర్వైవర్స్ గిల్ట్’ (తోటివాడు పోయి తను మిగిలినందుకు కలిగే అపరాధభావం) మాత్రం వదలకు. ‘1999’ వచ్చిన ఆర్నెల్లకే అతని స్నేహితుడు, సాటి ర్యాపర్ క్యాపిటల్ స్టీజ్ 19 ఏళ్లకే చనిపోయాడు. ఆ దుఃఖం గురించి ఇంత విప్పి చెప్పడానికి పదేళ్లు పట్టింది. నా లెక్కలో అతను పెద్దవాడైంది ఈ పాటలోనే.

ఒక్క జాగ్రత్త. ఆ పాటల్లో నల్లజాతివాళ్లు తమలో తాము అనుకునే మాట ఒకటుంది, ‘ఎన్’తో మొదలయ్యేది. ఎంత ఊపులో ఉన్నా నీ నోట రానీకు. వచ్చిన కొత్తలో నేను కారులో పాటతోపాటు అనేశాను. పక్కనున్న క్లాస్‌మేట్ పాట ఆపేసి, ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మళ్లీ ప్రశ్న అడిగినవాణ్నే: థాంక్స్ అన్నా. నిన్న రాత్రి గిన్నెలు తోముతూ ‘సర్వైవర్స్ గిల్ట్’ పెట్టాను. రూమ్మేట్ గదిలోంచి వచ్చి, ఇది నీకెవరు చెప్పారన్నాడు. సగం అర్థం కాలేదని ఒప్పేసుకున్నా. ఒక్కో లైనూ ఆపి చెబుతుంటే రెండయింది, గిన్నెలు సింకులోనే ఉన్నాయి.