నెహ్రూ ఉత్తరాల పెట్టెలు ఎవరివి?

పాతకాగితం: తీన్‌మూర్తి లైబ్రరీలో (ఇప్పుడు ప్రధానమంత్రుల మ్యూజియం, లైబ్రరీ) ఉన్న నెహ్రూ కాగితాల్లో 51 పెట్టెలు 2008లో సోనియా గాంధీ తరఫున వెనక్కి వెళ్లాయి. ఎడ్వినా మౌంట్‌బాటన్ (చివరి వైస్రాయ్ భార్య), జేపీ (జయప్రకాశ్ నారాయణ్)లకు సంబంధించిన ఉత్తరాలు వాటిలో ఉన్నాయని చెబుతున్నారు. లైబ్రరీ తిరిగి అడుగుతోంది. దాదాపు 17 ఏళ్లు దేశాన్ని నడిపిన మనిషి రాతలు ఇంట్లో పెట్టుకునేవా?

గోదారోడు: చెక్కపెట్టెలా, అట్టపెట్టెలా?

పాతకాగితం: కార్టన్లు. దానికేం సంబంధం?

గోదారోడు: అట్టయితే చెదలు పడతాయి. మీరు వాదించుకునేలోపు చదవడానికి ఏమీ మిగలదు.

వరండా: ఆఫీసు ఫైలు వేరు, సొంత ఉత్తరం వేరు. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రభుత్వ రికార్డులకే. 30 ఏళ్లు దాటితే పరిశోధకులకు ఇవ్వొచ్చన్న లెక్క కూడా వాటికే.

పాతకాగితం: చట్టం చాటున దాక్కోకండి. ప్రధాని జేపీకి రాస్తే అది సొంత ఉత్తరమా? నేను థీసిస్ కోసం ఒక నాయకుడి కాగితాలు అడిగితే, వాళ్లింట్లో మూడేళ్లు తిప్పించుకుని "అమ్మ ఒప్పుకోవట్లేదు" అన్నారు. ఆ అధ్యాయం లేకుండానే థీసిస్ ఇచ్చేశా.

సరదాబాబు: 2016లో నేతాజీ ఫైళ్లు తెరిచారుగా, ఏం కొంప మునిగింది?

వరండా: అవి సర్కారు ఫైళ్లు బాబూ, అదే కదా చెబుతున్నా! పాతకాగితం గారూ, "అమ్మ" అని వెక్కిరించారు కాబట్టి చెబుతున్నా. మా తాతయ్య ఎమ్మెల్యే. ఒకాయన పుస్తకం రాస్తానని కాగితాల సంచి పట్టుకెళ్లాడు. పుస్తకంలో తాతయ్య ప్రసంగం ఒక్కటీ లేదు. మా అమ్మమ్మ జైలుకు రాసిన ఉత్తరం మాత్రం అచ్చయింది, పిల్లకి పాలకు డబ్బుల్లేవన్న ముక్కతో సహా. ఆ పిల్ల మా అమ్మ. ఆ పేజీ మడిచి ఇప్పటికీ దిండు కింద పెట్టుకుంటుంది.

పాతకాగితం: అది తప్పే. అలాంటప్పుడు "ఫలానా ఏడుదాకా తెరవకండి" అని రాసిస్తే సరిపోతుంది, లైబ్రరీలు ఒప్పుకుంటాయి. ఇచ్చింది మోసుకుపోవడం వేరు.

వరండా: ఆ ఏడు ఎవరు వేయాలి? మీరా, మేమా?

పాతకాగితం: ఇద్దరూ కాదు. లైబ్రరీ.

వరండా: రేపు లైబ్రరీ పెద్దలు మారితే?

గోదారోడు: నకళ్లు తీశారా ముందు? అది చెప్పండి.