మాగ్నెట్లు ఆపడమూ, మందుపాతర పెట్టడమూ ఒకటేనా?

తిరుచానూరు శీను:
ఎవరో కావాలని చేసే దాడి ప్రత్యక్ష ముప్పు, సరుకు అందక వచ్చే నష్టంలాంటిది పరోక్ష ముప్పు అని దేశ భద్రతను విడదీయడం నాకు నచ్చదు. నష్టం నష్టమే కదా. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాలకు (బలమైన మాగ్నెట్లలాంటి వాటిలో వాడే ప్రత్యేక లోహాలు), వాటితో చేసే మాగ్నెట్లకు ఎగుమతి లైసెన్స్ తప్పనిసరి చేసింది. మా తమ్ముడు శ్రీసిటీ వైపు మోటార్ల యూనిట్‌లో పనిచేస్తాడు. ట్రేల నిండా రోటర్లు, అంటే మోటార్‌లో తిరిగే భాగాలు, ఉన్నాయి, వాటిలో అతికించాల్సిన బిస్కెట్ ముక్కంత మాగ్నెట్లు లేవు. లైన్ ఆగింది, ఓవర్‌టైమ్ పోయింది. ఇది దాడి కాదా?

పాకాల మాస్టారు:
శీనూ, తమ్ముడి కష్టం చిన్నదని అనను. కానీ దాడి అనొద్దు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద నక్సలైట్లు మందుపాతర పేల్చారు. అది దాడి. పెట్టిన చేతిని పట్టుకుంటే ముప్పు ఆగుతుంది. మాగ్నెట్ల విషయంలో పట్టుకోవడానికి చెయ్యేదీ? గనులు, నిల్వలు, వేరే రకం మోటార్లు కావాలి. మన తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో మాగ్నెట్లకు కావాల్సిన నియోడిమియం లోహం దొరుకుతుంది. మాగ్నెట్ వేడికి తట్టుకోవడానికి కలిపే డిస్‌ప్రోసియం లోహం మాత్రం అందులో బాగా తక్కువ. సైన్యం తీర్చే లోటు కాదిది.

నష్టాన్నీ దాడినీ ఒకే మాటగా కలిపేస్తే ఏమవుతుందో మన శేషాచలం అడవుల్లోనే చూశాం. ఎర్రచందనం పోవడం పెద్ద నష్టమే. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. దుంగలు కొనేవాళ్ల డబ్బు ఆ కాల్పులతో ఆగిందా? ఆ రోజు నుంచి ఈ తేడా నాకు పుస్తకంలో మాట కాదు.

చంద్రగిరి కోట:
మరి 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం సంగతి? పాలనా పనులు చూసే నెట్‌వర్క్‌కు కలిపిన కంప్యూటర్‌లో మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, దొరికింది. రియాక్టర్ నడిపే వ్యవస్థ వేరుగా ఉంది, దానికేం కాలేదు. ఇదెటు?

పాకాల మాస్టారు:
నా లెక్కలో ప్రత్యక్షమే. ఎవరో కావాలని లోపలికి వచ్చారు. పగలకపోయినా తాళం మీద చెయ్యి పడింది.

తిరుచానూరు శీను:
మాస్టారూ, శేషాచలం గుర్తుచేశాక దాడి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది ఒప్పుకోను. పరోక్షం అని రాయగానే ఆ ఫైలు అడుగుకు పోతుంది. సరిహద్దులో ఏదైనా జరిగితే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. ఎన్ని నెలలకు సరిపడా మాగ్నెట్లు దాచాలి, అయిపోతే జవాబు ఎవరు చెప్పాలి? అది రాసి పెట్టే విధానం కావాలి నాకు.