ఓపీకి రావడం ఒక ఎత్తు, తిరిగి ఇల్లు చేరడం ఒక ఎత్తు

అమ్మకు_తోడు:
మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. అంటే ఏడాదికి 156 సార్లు వెళ్లాలి, 156 సార్లు తిరిగి రావాలి. వెళ్లేటప్పుడు ఎవరో ఒకరం దింపేస్తాం. తిప్పలన్నీ తిరుగు ప్రయాణంలోనే. నాలుగు గంటలంటారు గానీ, సూదులు తీశాక రక్తం ఆగేదాకా అదిమి పట్టుకుని కూర్చోవాలి. బీపీ పడిపోతే ఇంకాసేపు పడుకోబెడతారు. మొన్న మాట్లాడుకున్న బండి అంతసేపు ఆగలేక వెళ్లిపోయింది. అమ్మ గోడ పట్టుకుని నిలబడి నాకు ఫోన్ చేసింది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

ఓపీ_నర్సు:
తిరుగు ప్రయాణం గురించి మేమూ చాలాకాలం అడగలేదండీ. రానివాళ్ల పేరు పక్కన ‘రాలేదు’ అని రాసి వదిలేసేవాళ్లం. ఇప్పుడు తేదీ ఇచ్చేటప్పుడే ఎలా వస్తారు, ఎవరితో వెళ్తారు అని అడుగుతున్నాను. ఒక పెద్దాయన షుగరుకి, కళ్లకి, పాదాలకి వేర్వేరు రోజుల్లో తిరిగేవారు. మూడూ ఒకే రోజుకి మార్పించాను. పరగడుపు రక్తపరీక్ష పొద్దున్నే, కళ్లు చివర్లో. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఆపైన ఆయన్ని ఇంకో గదికి తిప్పడం కష్టం. ఆ రోజు మాత్రం తోడు ఉండాల్సిందే. మీరు యూనిట్‌లో షిఫ్టు మార్చమని అడిగి చూడండి. సూదులు తీసేటప్పుడు మీకో ఫోన్ చేయమనండి.

రేడియేషన్_ఆరు_వారాలు:
నాకు వారానికి ఐదు రోజులు. బల్ల మీద ఉండేది పావుగంట, రానూపోనూ మూడు గంటలు. ఛార్జీలకి లేవని చెప్పుకోలేక రెండు రోజులు మానేశాను. మధ్యలో మానితే చికిత్స పని దెబ్బతింటుందని డాక్టరు చెప్పాక భయమేసింది. అప్పుడు ఆసుపత్రి సోషల్ వర్కర్ దగ్గరికి పంపారు. అలాంటివారు ఉంటారనే నాకు తెలీదు! అదే దారిలో వచ్చే మరో ఇద్దరి టైమింగులు నాదానితో కలిపించారు. మిగతా రోజులన్నీ ముగ్గురం ఒకే బండిలో వెళ్లాం. దయచేసి మొహమాటపడకండి, మొదటి రోజే అడగండి.

చక్రాల_కుర్చీ:
బండి దొరికితే సరిపోదు. నా కుర్చీ చూసి వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఎందరో. అందుకే కుర్చీ మడతపడుతుందని, సీట్లోకి నేనే మారగలనని బుక్ చేసేటప్పుడే చెప్పేస్తాను. గేటు దగ్గర కాదు, ఓపీ తలుపు దాకా దింపాలని కూడా. రిపోర్టులు చూపించడానికైతే ఫోన్లో మాట్లాడదామని డాక్టరునే అడుగుతాను. పుండు కట్టు మార్చాలంటే మాత్రం వెళ్లాల్సిందే.

అమ్మకు_తోడు:
నర్సుగారూ, యూనిట్‌లో అడిగాను. మధ్యాహ్నం షిఫ్టుకి మార్చారు, తమ్ముడు డ్యూటీ దిగే వేళకి సరిపోతుంది. ఫోన్ కూడా చేస్తామన్నారు. శనివారం సంగతే ఇంకా తేలలేదు. రేపు సోషల్ వర్కర్ ఉన్నారేమో కనుక్కుంటాను.