సయించదు, అసహ్యం: ఒకే ధాతువుకు పుట్టిన రెండు మాటలు

పోయిన వేసవిలో మా మేనకోడలి పెళ్ళి దేవరకొండ దగ్గర మా ఊళ్ళోనే చేశాం. అబ్బాయిది కాకినాడ వైపు. బుద్ధిమంతుడు, కలుపుగోలు మనిషి. వచ్చిన నాలుగు రోజుల్లోనే మా మాటలు కొన్ని పట్టుకున్నాడు. కుళాయిని మేము నల్లా అంటామని తెలిసిన దగ్గర నుంచి, అవసరం ఉన్నా లేకపోయినా "నల్లా ఎక్కడండీ" అని అడిగి మురిసిపోయేవాడు.

మూడో రోజు యాటను కోశారు. కోసేటప్పుడు కింద పళ్ళెం పట్టి, చిటికెడు ఉప్పు వేసి పక్కన పెట్టిన నెత్తురు కాసేపటికి గడ్డకట్టింది. దాన్ని ఉడికించి, ముక్కలు చేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, అల్లం, వెల్లుల్లితో నూనెలో వేయించారు. ఎరుపు పోయి కాఫీ గింజ రంగుకు తిరిగింది. వేళ్ళతో నొక్కితే పొడిపొడిగా విరుగుతుంది. మా వైపు దీన్ని నల్ల అంటారు. మొదట కొత్త అల్లుడి కంచంలో వేయాలని మా చెల్లెలు గరిటె పట్టుకుని వచ్చింది.

"నల్ల వేయనా బాబూ?"

"అప్పుడే వద్దండీ, ఇంకా తినడం అవలేదు" అన్నాడు అబ్బాయి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అనుకుని.

పంక్తి అంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఎవరో చెవిలో అసలు సంగతి చెప్పారు. "ఛీ, అసహ్యం!" అంటూ కంచం ఒక జానెడు వెనక్కి జరిపాడు. నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. మా చెల్లెలు గరిటెను గిన్నెలో పెట్టేసి, పప్పు తేవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

రాత్రి వాకిట్లో పడుకున్నప్పుడు మా అమ్మ అన్నది: "తినకపోతే పోయాడు. సయించదు అంటే సరిపోయేది కదా."

ఎనభై దాటిన మా అమ్మకు అక్షరాలు రావు. కానీ ఆ రాత్రి ఆమె ఎత్తిచూపిన తేడా నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే ఈ రెండు మాటలూ అక్కాచెల్లెళ్ళే. సంస్కృతంలో సహ్ అంటే ఓర్చుకోవడం. ఓర్చుకోలేనిది అసహ్యం. అదే ధాతువు నుంచి వచ్చిన సహించు మన నోట నలిగి సయించు అయింది. సైచు, సైరించు ఆ ఇంటివే. అంటే "అసహ్యం" అన్నా "సయించదు" అన్నా నిఘంటువు లెక్కలో ఒకటే: ఓర్చుకోలేను. మరి ఒకటి కంచం మీద ఉమ్మినట్టు, ఇంకొకటి చేతులు జోడించినట్టు ఎందుకు వినిపిస్తున్నాయి? మీ ఊళ్ళలో ఎలా వాడతారో చెప్పండి.

మక్తల్ సభ్యుడు: మాది కృష్ణ ఒడ్డు, అవతల రాయచూరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. కన్నడంలోనూ అసహ్య అంటే రోతే. అదే హిందీలోకీ మరాఠీలోకీ వెళితే అసహ్య వేదన, అసహ్యమైన ఎండ అంటారు. అక్కడ భరించలేనిది అని మాత్రమే అర్థం. మన రెండు భాషలూ ఆ మాటను నోటి దగ్గరికి, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాయి. మా ఇంటికి వచ్చిన మరాఠీ చుట్టం "ఎండ అసహ్యం" అంటే, ఎండ ఏం పాపం చేసిందని మా అవ్వ అడిగింది.

మహబూబ్‌నగర్ సభ్యుడు (సంస్కృతం చెబుతాను): జుగుప్సను మరిచిపోతే ఎలా? నాట్యశాస్త్రం బీభత్స రసానికి స్థాయీభావంగా, అంటే మూలంలో ఉండే భావంగా, చెప్పింది దాన్నే. అందులో ఉన్నది గుప్ ధాతువు. కాపాడటం, దాచడం అని అర్థం. పాణిని మూడో అధ్యాయం మొదట్లోనే గుప్తిజ్కిద్భ్యః సన్ అని ఒక సూత్రం చెప్పాడు. గుప్, తిజ్, కిత్ ధాతువులకు సన్ ప్రత్యయం చేరితే జుగుప్స, తితిక్ష, చికిత్స పుడతాయి. ఏవగింపు, ఓర్పు, వైద్యం ఒకే సూత్రంలో పక్కపక్కన కూర్చున్నాయి. వంట నచ్చనప్పుడు మనిషికి మిగిలే దారులు కూడా ఈ మూడే అని నేను తరగతిలో అంటుంటాను. పిల్లలు నవ్వరు.

మిర్యాలగూడ సభ్యురాలు: సంస్కృతం దాకా ఎందుకండీ, అచ్చ తెలుగులో ఎన్ని లేవు! రోయు నుంచి రోత. కోయు కోత, మేయు మేత, పూయు పూత అయినట్టే. వికారం కడుపులో పుడుతుంది. డోకు గొంతు దాకా వస్తుంది. కంపరం ఒంటి మీద పాకుతుంది. వెగటు మాత్రం వేరు. బాగున్నదే ఎక్కువైతే వెగటు. నేతి మిఠాయి నాలుగోది వెగటవుతుంది గానీ మొదటిది కాదు. మొహం మొత్తడమూ అంతే. ఇవన్నీ పోయి, ఇప్పుడు పిల్లల నోట ఒక్క "యాక్" మిగిలింది. దానికి వ్యుత్పత్తి కూడా అక్కర్లేదు, వాంతి చప్పుడే!

గలీజు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఉర్దూ నుంచి వచ్చిన ఈ మాటకు అరబ్బీలో అసలు అర్థం మందమైనది, ముతకది అని. మనం కాలవ గలీజు, చేతులు గలీజు అంటాం గానీ, శుభ్రంగా వండిన కూరను గలీజు అనము. అలా ఎవరైనా అన్నారంటే గొడవకు వచ్చారన్నమాటే.

అచ్చంపేట సభ్యురాలు: మా చిన్నప్పుడు తొలకరి పడ్డ రాత్రి పుట్టల దగ్గర దీపం పెట్టి ఉసిళ్ళు, అంటే రెక్కల చెదపురుగులు, పట్టేవాళ్ళు. చేటలో చెరిగితే రెక్కలు ఎగిరిపోయేవి. మంగలంలో వేయించి, పేలాలు కలిపి దోసిట్లో పోసేవారు. నేతిలో వేగిన పప్పు కమ్మదనం. ఇప్పుడు మా పిల్లలకు ఆ మాట చెబితేనే ముక్కు మూసుకుంటారు. ఆ నోటితోనే రొయ్యల వేపుడు కిలో తింటారు. రొయ్యకు నడిచే కాళ్ళే పది, ఉసిలికి మొత్తం ఆరు. ఏది పురుగో మీరే చెప్పండి.

ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఎంగిలి సంగతి కూడా. పక్కవాడి ఎంగిలి అంటే అందరికీ రోతే. కానీ మన వైపు బతుకమ్మ పండుగ మొదలయ్యేదే ఎంగిలిపూలతో. ఆ రోజు ఆ మాటలో రోత ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

మక్తల్ సభ్యుడు: మొదట రాసిన వారికి ఒక సందేహం. "నాకు సయించదు"లో నాకు ఉంది కాబట్టి అది మర్యాద అనేట్టయితే, "నాకు అసహ్యం"లోనూ నాకు ఉందిగా?

మొదట రాసినవాణ్ణి: మంచి ప్రశ్న. రెండు రోజులు ఆలోచించాను. నాకు తీసేసి చూడండి. "అసహ్యమైన కూర" నిలబడుతుంది. ఎవరికి అని ఎవరూ అడగరు, తప్పు కూరదే. "సయించని కూర" అనండి, వెంటనే ఎవరికి అని అడగాల్సి వస్తుంది. ఆ మాటకు మనిషి లేకుండా బతుకు లేదు. పైగా అది జ్వరం వచ్చినవాడి మాట. "నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు" అంటే అన్నాన్ని ఎవరూ అనుమానించరు. తేరుకున్నాక "ఈ పూట కాస్త సయించింది" అంటారు. కాబట్టి విందులో సయించదు అన్నవాడు తన ఒంట్లోనే ఏదో నలత ఉందని ఒప్పుకుంటున్నాడు. వండినవాళ్ళ చేతికి మచ్చ అంటదు.

పడదు కూడా దగ్గరిదే గానీ, అది దురదకూ దద్దుర్లకూ. గిట్టదు అంటే కొంచెం పగ ఉంది. మనుషులు కూడా గిట్టరు కదా.

నల్ల గురించి ఒక మాట. నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు అనుకునేవాణ్ణి. పాత తెలుగులో నల్ల అంటేనే నెత్తురు. నిఘంటువుల్లో ఆ అర్థం ఉంది. కావ్యాల్లోంచి దిగిపోయిన మాట మా పొయ్యి మీద బతికి ఉందన్నమాట.

సూర్యాపేట సభ్యుడు: లోకో భిన్నరుచిః. అంతే, చర్చ ముగిసింది.

మహబూబ్‌నగర్ సభ్యుడు: ముగియలేదు. భిన్నరుచిర్హి లోకః అని కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో అన్నది కూర గురించి కాదు, పెళ్ళికొడుకు గురించి. స్వయంవరంలో ఇందుమతి అంగరాజును దాటి వెళ్ళిపోతుంది. ఆయన కోరదగనివాడు కాడు, ఆమెకు చూడటం రాకా కాదు, లోకంలో రుచులు వేరు, అంటాడు కవి. ఎవరినీ తక్కువ చేయకుండా వద్దనడం అది. మీ అమ్మగారి సయించదుకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

నల్లగొండ సభ్యుడు: ఇదంతా చదువుతూ ఊరుకుందాం అనుకున్నాను, ఊరుకోలేకపోయాను. మా ఇంట్లో పెద్ద కూర, అంటే గొడ్డు మాంసం, మిగిలితే సన్నగా కోసి, దండెం మీద ఎండబెట్టేవాళ్ళు. తునకలు. వానాకాలం చింతచిగురుతో వండితే ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే. నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా మామ ఒక డబ్బాలో ఆ కూర తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. పక్క మంచం పిల్లవాడు తన పెట్టెను మెల్లగా అవతలి వరుసకు జరుపుకున్నాడు. ఎందుకురా అంటే చాలా మర్యాదగా, "నాకు సయించదు" అన్నాడు. కూర అయిపోయింది, డబ్బా కడిగేశాను, వాడి పెట్టె మాత్రం ఏడాదంతా అవతలే ఉంది. మాట మెత్తగా ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది మెత్తబడదు. ఆ అబ్బాయి ఛీ అన్నది కూరను. వీడు జరిగింది నా నుంచి.

మొదట రాసినవాణ్ణి: అన్నా, మీరు రాసింది చదివాక నా వ్యాకరణం కొంచెం చిన్నబోయింది. మీ హాస్టల్లో ఆ మాట అబద్ధం ఆడింది. ఒంట్లో నలత అనే ముసుగు వేసుకుని వచ్చింది కులం.

ఛార్లెస్ డార్విన్ 1872లో వచ్చిన తన పుస్తకంలో రాసిన ఒక ముచ్చట ఇక్కడ గుర్తుకొస్తోంది. దక్షిణ అమెరికా కొసన టియెర్రా డెల్ ఫ్యూగోలో ఆయన నిల్వ మాంసం తింటుంటే, అక్కడి మనిషి ఒకడు దాన్ని వేలితో తాకి, ఆ మెత్తదనానికి రోత పడ్డాడట. వాడు వేలు పెట్టినందుకు డార్విన్‌కు రోత పుట్టిందట. వాడి చేతులు మురికిగా ఏమీ లేవని కూడా తనే రాసుకున్నాడు. ఒకే ముక్క మధ్యలో ఉంది. ఒకరి రోత ముక్క మీద, ఇంకొకరిది మనిషి మీద. మీరు చెప్పిన తేడా అదే.

మిర్యాలగూడ సభ్యురాలు: మన తిండి చూసి ముక్కు మూసుకునేవాళ్ళూ ఉన్నారు లెండి. ఇంగువకు జర్మన్ భాషలో ఉన్న పాత పేరుకు అర్థం దయ్యపు పెంట. అక్కడ చదివే మా తమ్ముడు పప్పుచారు తాలింపు పెట్టిన రోజు కిటికీలన్నీ తెరుస్తాడట. ఆ ఇంటి వాళ్ళు తినే నీలం బూజు పట్టిన చీజు వాసనకు మా అమ్మ మాత్రం ఫోనులో చూసే "పాసిపోయింది, పారేయ్" అని అరిచింది. ఫోనులో వాసన ఎలా వచ్చిందని అడగకండి.

అచ్చంపేట సభ్యురాలు: ఇంతకూ ఆ అల్లుడి సంగతి ఏమైంది?

మొదట రాసినవాణ్ణి: బాగానే ఉన్నాడు. దసరాకు వచ్చినప్పుడు మా చెల్లెలు నల్ల వండలేదు, బోటీ కూడా వండలేదు. అతనే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అత్తయ్యగారూ, మీరు వండుకోండి, నాకే సయించదు" అన్నాడు. ఎవరు నేర్పారో తెలియదు. మేనకోడలి మీదే అనుమానం.

సంక్రాంతి వెళ్ళాక మా అమ్మను వాళ్ళ ఊరు తీసుకువెళ్ళాం. వియ్యపురాలు పొద్దున్నే లేచి పనసపొట్టు కూర చేసి, ఆవ పెట్టి, అరిటాకులో మొదట అమ్మకే వడ్డించింది. ఆవ ఘాటు ముక్కుకు తగలగానే అమ్మ కళ్ళల్లో నీళ్ళు. వేలితో కాస్త నాలుకకు రాసుకుని, మిగతాది ఆకు కొసకు జరిపి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"సయించదమ్మా. కూర మంచిగానే ఉంది, నాకే పళ్ళు లేవు, నమలలేను" అన్నది.

వియ్యపురాలు అయ్యో అనుకుంటూ మెత్తటి పప్పు, పెరుగు తెచ్చి వేసింది. తిరుగు ప్రయాణంలో కోదాడలో బస్సు ఆగితే అమ్మ వేయించిన శనగలు పావుకిలో కొనిపించుకుని, నల్లగొండ దాకా పటపటా నములుతూనే వచ్చింది.