అటక మీది ఇనప పుల్ల: గంటమా, దబ్బనమా?

బ్రాడీపేట మనవడు:
తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకు పెట్టెలో ఒక ఇనప పుల్ల దొరికింది. జానెడు పొడవు. ఒక కొస సూదిగా ఉంది, రెండో కొసను సాగగొట్టి పలచగా చేశారు, అది చివర విరిగిపోయింది. తరతరాలుగా కరణీకం చేసిన ఇల్లు కాబట్టి తాటాకుల మీద రాసే గంటమేనని మా పెద్దత్త పట్టు. బెజవాడ వన్‌టౌన్‌లో పాతసామాన్లు కొనే ఆయనేమో ఫొటో చూసి, "గోనెలు కుట్టే దబ్బనం, తూకానికైతే తీసుకుంటా" అన్నాడు. మీరేమంటారు?

యార్డు గుమాస్తా:
దబ్బనమే. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున లేస్తే చూసేది అదే. పలచగా సాగగొట్టిన చోటే పురికొస దూర్చే బెజ్జం ఉంటుంది. విరిగినా అక్కడే విరుగుతుంది.

తాటాకుల పిచ్చి:
గుమాస్తా గారూ, తొందరపడకండి. చాలా గంటాలకు కూడా రెండో కొస పలచగానే ఉంటుంది. అది కత్తి, ఆకు అంచులు కోసి సరిచేయడానికి. మనవడు గారూ, ఆ కొసకు ఒక పక్కన పదును ఉందా? విరిగిన చోట బెజ్జం తాలూకు వంపు ఏమైనా మిగిలిందా?

బ్రాడీపేట మనవడు:
వంపు లేదండి, ఏటవాలుగా విరిగింది. ఒక పక్క వేలి వెడల్పున పదును తగులుతోంది. నిమ్మరసంలో నానబెట్టి ఉప్పుకాగితంతో రుద్దితే ఇంకా బాగా కనిపిస్తుందేమో?

కొరిటెపాడు కోడలు:
అయ్యో, రుద్దకండి బాబూ! తుప్పుతో పాటు చేతివాటు గుర్తులన్నీ పోతాయి. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె రాస్తే చాలు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్టు దీన్ని తోమకూడదు.

లెక్కల మాష్టారు:
పెద్దత్తగారి వాదన నాకు మింగుడుపడలేదు. కరణాల పదవులు రద్దయింది 1984లో. అప్పటికి తరాల ముందే లెక్కలన్నీ కాగితాల మీదకు వచ్చేశాయి. తాతగారు కలంతోనే రాసి ఉంటారు. పైగా కరణం గారింట్లో ధాన్యం బస్తాలు ఉండవా? వాటి మూతులు కుట్టేది దబ్బనంతోనేగా. ఇంటి వృత్తిని బట్టి పనిముట్టును గుర్తుపడితే కమ్మరి కొలిమి దగ్గర దొరికిన ప్రతి ఇనప ముక్కా సుత్తే అవుతుంది.

ఉండవల్లి కుర్రాడు:
ఇంత చర్చ ఎందుకు? ఒక తాటాకు తెచ్చి గీసి చూడండి. గీత పడితే గంటం.

తాటాకుల పిచ్చి:
మేకుతో గీసినా గీత పడుతుంది తమ్ముడూ. ఉన్న మొన కాస్తా చెడుతుంది. మొన మీద మసి ఉందేమో చూడమని కూడా ఎవరూ అనకండి. గంటంతో గీసేటప్పుడు సిరా ఉండదు, రాసిన తర్వాతే ఆకు మీద మసి పూసి తుడుస్తారు.

చూడాల్సింది అరుగుదల. దబ్బనం గోనెలో దూరి అవతలికి వస్తుంది కాబట్టి మొన నుంచి చాలా దూరం, చుట్టూ నునుపు తేలుతుంది. రాసేవాడు గంటాన్ని కుడి పిడికిట్లో బిగించి, మొన దగ్గర ఎడమ బొటనవేలు ఆనించి, ఆకునే జరుపుతూ పోతాడు. అందుకని మొన కొస దగ్గర, వేళ్లు పట్టిన చోట అరుగుతుంది, ఆ రెంటి మధ్యలో కాదు. మొన ఆకారం కూడా చూడండి. గోనె దబ్బనానికి అది బల్లపరుపుగా ఉంటుంది, గంటానికి గుండ్రంగా సన్నబడుతుంది.

బ్రాడీపేట మనవడు:
మొన గుండ్రమే. నునుపు కొస దగ్గర, మళ్లీ నడుము దగ్గర ఉంది, ఆ రెంటి మధ్యలో గరుకు. అమెరికాలో ఉన్న తమ్ముడు ఫ్రేము కట్టించుకుంటానని పంపమంటున్నాడు.

లెక్కల మాష్టారు:
ఆగండాగండి. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ముందు బెజవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం వాళ్లకు చూపించండి. అదేనండి, పాత విక్టోరియా జూబ్లీ మ్యూజియం. గంటమని తేలితే మీ ముత్తాతదో, అంతకు ముందు తరానిదో అయి ఉంటుంది, తాతగారిది మాత్రం కాదు.

యార్డు గుమాస్తా:
గుండ్రటి మొన దబ్బనాలు నేనూ చూశాను, కమ్మరి చేత్తో కొట్టినవి. నడుము దగ్గర నునుపంటారా, కుట్టేవాడూ అక్కడే పట్టుకుంటాడు. ఆ పదును ఒక్కటే నాకు కొరకరానిది. పక్కన స్కేలు పెట్టి, నాలుగు పక్కలా తిప్పి, ఎండలో తీసిన ఫొటోలు పెట్టండి. విరిగిన కొసను మాత్రం బాగా దగ్గరగా తీయండి.